ఫెయిర్ కాపీ వానలు

ఆ రోజు గదిలో ఉన్న వస్తువులు: ఒక డ్రాయింగు బల్ల, దాని మీద డివైడరు, భూతద్దం, సైంటిఫిక్ కాలిక్యులేటరు, గోడకి విశాఖ పాతపట్నం వీధుల మ్యాపు, తొమ్మిదేళ్ళ వాన చార్టులు, ఏడాదికో కట్ట చొప్పున తొమ్మిది కట్టలు. ఉన్న మనుషులు: కుర్చీలో మా పెద్దసారు, ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు గారు, బల్ల పక్కన నిలబడి నేను, గుమ్మంలో, చెప్పులు బయట వదిలేసి, గేజి బాబాయి.

బాబాయి నాకు చుట్టం కాదు. ఆయనది ఎలమంచిలి పక్క ఊరు, మాది ఎలమంచిలి. ఆ వరసతో నేను బాబాయి అనేవాణ్ణి, ఆయన నన్ను బాబూ అనేవాడు, పెద్దసారు ఎదురుగా మాత్రం సార్ అనేవాడు. పాతపట్నం పంపుహౌసు ఆవరణలో ఉన్న వాన గేజికి ఆయన కాపలా. తొమ్మిదేళ్ళుగా రోజుకూలీ మస్టర్లో ఉన్నాడు.

ఇది ఎనభైల మొదట్లో మాట. నాకు ఉద్యోగం వచ్చి ఎనిమిది నెలలు.

గేజి ఎలా పనిచేస్తుందో ముందు చెప్పాలి. నిలువెత్తు రేకు డబ్బా. పైన గరాటు, లోపల వాన నీటికి ఒక గది, ఆ నీటి మీద తేలే బెండు, బెండుకి తగిలించిన పెన్ను. పెన్ను ముందు గడియారం కీతో తిరిగే డ్రమ్ము, డ్రమ్ము చుట్టూ జానెడు కన్నా తక్కువ వెడల్పు, మూరెడు కన్నా కొంచెం తక్కువ పొడుగు ఉన్న చార్టు కాగితం. వాన పడితే పెన్ను పైకెక్కుతుంది. పది మిల్లీమీటర్లు నిండగానే నీళ్ళు ఒక్కసారిగా బయటికి పోయి పెన్ను సున్నాకి పడిపోతుంది. మళ్ళీ ఎక్కుతుంది, మళ్ళీ పడుతుంది. గట్టి వాన కురిసిన రోజు చార్టు రంపం పళ్ళలా ఉంటుంది. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకి పాత చార్టు తీసి కొత్తది చుట్టడం బాబాయి పని.

ఆ చార్టుల నుంచి ఒక వానని తయారుచెయ్యడం నా పని.

వీధిలో మురుగు కాలవ కట్టాలంటే ముందు ఒక వానని కాగితం మీద కురిపించాలి. దానికి పుస్తకాల్లో డిజైన్ స్టార్మ్ అని పేరు, మా ఆఫీసులో కాగితం వాన అనేవారు. మొత్తం ఎంత పడిందన్నది సగం లెక్కే. ఏ నిమిషంలో ఎంత పడిందన్నది మిగతా సగం. మూడు గంటల వాన మూడు గంటలూ సమంగా పడితే చిన్న కాలవ చాలు. అదే వానలో పెద్ద భాగం అరగంటలో కుమ్మరిస్తే ఆ కాలవ పొర్లిపోతుంది. మా కాలేజీ పుస్తకంలో వాన వరస ఒకటి ఉంది. అది పరాయి దేశపు వాన. పెద్దసారుకి అది నచ్చలేదు.

"ఎక్కడిదో వాన తెచ్చి మన వీధిలో పొయ్యకు. ఇక్కడ పడిన వానే తియ్యి," అన్నారు.

తీశాను. నెలన్నర పట్టింది. తొమ్మిది కట్టల్లో పెద్ద వానలు ఇరవై ఆరు. ఒక్కో చార్టుని పావుగంట ముక్కలుగా చేసి భూతద్దంతో చదివాను. ప్రతి వాననీ మొత్తం వంద అనుకుని, దాని కాలాన్ని పన్నెండు భాగాలు చేసి, ఏ భాగంలో ఎంత పడిందో పట్టిక వేశాను. నేనుండే గదిలో ఇంకో ఇద్దరు ఉండేవారు, ఉక్కు ఫ్యాక్టరీ కట్టే చోట సూపర్‌వైజర్లు. సాయంత్రం రాగానే ఎర్రదుమ్ము కడుక్కుని నా పట్టికలు చూసేవారు.

"ఏటి బావా, ఇంకా వాన కురుత్తానే ఉందా?" అనేవాడు ఒకడు.

"గొడుగు ఏసుకుని పడుకుంటాడు లెద్దూ," అనేవాడు రెండోవాడు.

వచ్చిన ఫలితం చూసి నాకు నిద్ర పట్టలేదు, సంతోషంతో. పన్నెండు భాగాల్లోనూ దాదాపు ఒకే అంకె. విశాఖపట్నం పెద్ద వానలు సమంగా కురుస్తాయి. ఆ మాట ఏ పుస్తకంలోనూ లేదు. ఈ ఊరి వాన స్వభావం మొదట కనిపెట్టింది నేనే అనుకున్నాను.

అప్పుడే అనుమానం రావలసింది. రాలేదు. ఫలితం అందంగా ఉన్నప్పుడు ఇంజనీరుకి అనుమానం ఆలస్యంగా వస్తుంది.

పైన చెప్పిన రోజు ఆ ఫలితాన్ని పెద్దసారుకి చూపించాను. ఆయన పట్టిక కన్నా చార్టుల్నే ఎక్కువసేపు చూశారు. ఒక్క మచ్చ లేదు. గీత గీతకీ ఒకే మందం.

"ఏమయ్యా, ఇవి నువ్వు చూసుకునే గేజివేనా?" అని గుమ్మం వైపు అడిగారు.

"అవును సార్."

"ఇంత శుభ్రమైన చార్టు నేను రాష్ట్రంలో ఎక్కడా చూడలేదు. నిన్నింకా పర్మనెంటు చెయ్యలేదా?"

"లేదు సార్."

పెద్దసారు నా వైపు తిరిగారు. "పై సోమవారానికి నీ రిపోర్టు ఫెయిర్ కాపీ నా బల్ల మీద ఉండాలి. దాంతోపాటే ఇతని సిఫార్సు పంపిస్తాను. ఈ చార్టులే ఇతని సర్టిఫికెట్టు."

బాబాయి నాతోపాటు మెట్లు దిగాడు. కిందకి వచ్చాక నా చెయ్యి పట్టుకుని, "తొమ్మిదేళ్ళకి ఒక సారు సూసినాడు బాబూ," అన్నాడు.

రిపోర్టు సగం టైపయ్యాక, గురువారం, గేజి గడియారం నిమిషాలు తప్పుతోందని, దాని చోట విడి గడియారం ఒకటి బిగించి, దాన్ని పాతపట్నం గడియారాల భాయ్ దగ్గరికి పట్టుకెళ్ళాను. నేను కాలవ కట్టవలసిన వీధిలోనే ఆయన దుకాణం. రోడ్డు మీద రోడ్డు వేసి వేసి దుకాణం గచ్చు మూడు మెట్లు కిందకి పోయింది. తండ్రి కాలం నుంచీ గోడ గడియారాలూ టైంపీసులూ బాగుచేస్తున్న ఇల్లు.

"మళ్ళీ వచ్చీసిందా? మీరు వానలో నానబెట్టి తెత్తారు, నాను ఆరబెట్టి ఇత్తాను. ఇద్దరికీ వానే అన్నం ఎడతంది ఇంజనీర్ సాబ్," అన్నాడు, కంటికి అద్దం తగిలించుకుంటూ.

"త్వరలో మీ వీధికి కాలవ కడుతున్నాం భాయ్."

"ఎంత ఎడల్పు?"

"మూడడుగులు."

ఆయన అద్దం తీసి నన్ను మామూలు కళ్ళతో చూశాడు. "మూడడుగులా? పోయిన అక్టోబరు వాన మీ లెక్కలో ఏసినారా?"

వేశాను. నా ఇరవై ఆరులో అది పెద్దది. మధ్యాహ్నం రెండింటి నుంచి ఐదింటి దాకా, పెన్ను పన్నెండుసార్లు పడింది. ఆ మాటే చెప్పాను.

"ఐదింటి దాకానా? ఎవరు సెప్పినారు?"

"చార్టు చెప్పింది."

భాయ్ లేచి గోడ పక్కనున్న చెక్క అరల దగ్గరికి నన్ను తీసుకెళ్ళాడు. అవి ట్రయల్ అరలు. బాగుచేసిన గడియారాన్ని వెంటనే ఇచ్చెయ్యడు. మూడు రోజులు ఆ అరల్లో నడిపిస్తాడు. నిమిషం తేడా వస్తే దించి మళ్ళీ విప్పుతాడు. కింది అర గచ్చుకి జానెడు ఎత్తు. మధ్య అర మూరెడు. పై అర నడుమెత్తు.

"ఆ రోజు శుక్రవారం. పన్నెండున్నరకి తాళం ఏసి నమాజుకెళ్ళినాను. అటునుంచి ఇంటికెళ్ళి అన్నం తింటే వాన పట్టీసింది. వచ్చేసరికి నాలుగు. అప్పటికి నీళ్ళు తీసీసినాయి, గోడకి తడి గీత మిగిలింది. కింది అరలో రెండు, మధ్య అరలో రెండు, మొత్తం నాలుగు టైంపీసులు ఆగిపోయినాయి. ఎప్పుడు ఆగినాయో పుస్తకంలో రాసినాను, సూడండి."

ఏ గడియారం ఏ స్థితిలో ఉందో రాసుకోవడం ఆయన అలవాటు. పుస్తకంలో ఇలా ఉంది: కింది అర, రెండూ, రెండు ముప్పై ఐదు. మధ్య అర, మొదటిది రెండు నలభై ఏడు, ఇంకొకటి రెండు నలభై ఎనిమిది.

నీళ్ళు జానెడు నుంచి మూరెడుకి ఎక్కడానికి పన్నెండు నిమిషాలు. నేను ఆ నాలుగు అంకెల్నీ నా పుస్తకంలోకి ఎక్కించుకున్నాను.

"నాలుగింటికి వాన ఎలా ఉంది భాయ్?"

"వానేటి? తుంపర. గొడుగు మడిసి సంకలో ఎట్టుకుని తాళం తీసినాను."

"మీ గడియారాలు తప్పేమో."

"సాబ్, ఆటిని నడిపించింది నాను. నాలుగు గడియారాలు కలిసి అబద్ధం ఆడవు. మీది ఒక్కటే గడియారం."

ఆఫీసుకి వచ్చి ఆ శుక్రవారం చార్టు తీశాను. డివైడరు కాళ్ళని మొదటి పన్ను మీదా రెండో పన్ను మీదా ఆనించాను. అదే కొలతతో ముందుకి నడిపించాను. రెండు నుంచి మూడు, మూడు నుంచి నాలుగు. చివరిదాకా డివైడరు ఒక్కచోట తడబడలేదు. ఇంకో పెద్ద వాన తీశాను. అదీ అంతే. ఇరవై ఆరూ అంతే. చిన్న జల్లులు కురిసిన రోజుల చార్టులు తీస్తే అవి మాత్రం అడ్డదిడ్డంగా, మామూలు వానల్లా ఉన్నాయి.

వాన డివైడరు పట్టుకుని కురవదు. ఎవరో పట్టుకున్నారు.

శుక్రవారం ఉదయం ఎనిమిదిన్నరకి పంపుహౌసుకి వెళ్ళాను. బాబాయి చార్టు మార్చి, తీసినదాన్ని గుడ్డతో తుడుస్తున్నాడు.

"బాబాయ్, పెద్ద వానల చార్టులు నువ్వు గీశావా?"

ఆయన ముఖం విప్పారింది. "కనిపెట్టీసినావా బాబూ? నా సేతి పనే. బాగున్నాయేటి?"

ఆయనే చెప్పుకుపోయాడు. చేరిన కొత్తలో ఒక గట్టి వాన. తలుపు సందులోంచి తడి దిగి, పెన్ను పడినప్పుడల్లా సిరా చింది, చార్టు నిండా మచ్చలు. అప్పుడున్న సారు దాన్ని చూసి, ఇది చార్టా, కాకి కాళ్ళ ముగ్గా అని మొహం మీదకి విసిరారట. ఆఫీసులో ఏ కాగితమైనా చిత్తు ముందు, ఫెయిర్ కాపీ తరవాత అని బాబాయి అప్పటికే గమనించి ఉన్నాడు. అప్పటి నుంచి మచ్చ పడిన ప్రతి చార్టుకీ కొత్త కాగితం మీద రూళ్ళకర్రతో ఫెయిర్ కాపీ.

"వాన మొదలెట్టిన టైము మార్చలేదు. ఆగిన టైము మార్చలేదు. పెన్ను ఎన్నిసార్లు పడిందో అన్నేసార్లూ ఏసినాను, ఒక్కటి తగ్గలేదు. మధ్యలో మాత్రం వరండా కటకటాల్లాగ సమంగా సర్దినాను. గుంపుగా ఉంటే సూడ్డానికి బాగోదు గదా."

ఆయన్ని కూర్చోబెట్టి ఉపన్యాసం చెప్పడం కన్నా చూపించడం మేలనిపించింది. పంపుహౌసులో అడుగున చిల్లు పడిన బకెట్టు ఒకటి ఉంది. దాన్ని ఇటుకల మీద పెట్టి, ఒక్కో మగ్గే ఆగి ఆగి పోశాను. పన్నెండు మగ్గులు పోసినా చిల్లులోంచి పోతూనే ఉంది, నిండలేదు. తరవాత అవే పన్నెండు మగ్గుల్లో ఏడింటిని గబగబా పోశాను. బకెట్టు పొర్లి ఆయన పాదాల మీదుగా పారింది.

బాబాయి తడిసిన కాళ్ళ వంక చూసుకున్నాడు.

"అంటే నాను వానని జోకొట్టీసినాను," అన్నాడు.

"అవును."

"ఈ లెక్కన కడితే కాలవ సాలదు."

"చాలదు."

ఆయన అడుగుతాడనుకున్న ప్రశ్న కోసం నేను ఆ నిమిషమంతా ఎదురుచూశాను. సోమవారం రిపోర్టు. దాంతో సిఫార్సు. ఈ చార్టులే సర్టిఫికెట్టు అన్న మాట ఇద్దరం విన్నాం. రికార్డు మార్చాడని ఒక్క వాక్యం నేను రాస్తే తొమ్మిదేళ్ళ మస్టర్ ఆ పూటతో సరి. రాయకపోతే ఆ వీధి ప్రతి అక్టోబరులో మునుగుతుంది, ఈసారి కొత్త కాలవతో సహా. తన ఉద్యోగం సంగతి ఆయన అడగలేదు.

"భాయ్ కొట్లోకి ఎంత ఎత్తు వచ్చినాయి?" అని అడిగాడు.

"మూరెడు దాటి."

బకెట్టు ఇటుకల మీంచి దించి నేను అడిగాను. "బాబాయ్, మచ్చలు పడిన అసలు చార్టులు ఏం చేశావు?"

"గవర్నమెంటు కాగితం బాబూ, పారేత్తారేటి? ఇంట్లో ఉన్నాయి. ఆదివారం బోయనానికి రా. సూపిత్తాను."

ఆదివారం సిటీ బస్సులో మల్కాపురం వెళ్ళాను. నూనె శుద్ధి కర్మాగారం గొట్టం మంట పగటి ఎండలో కూడా కనిపిస్తూనే ఉంది. బాబాయిది రెండు గదుల పెంకుటిల్లు. పిన్ని గుమ్మంలోనే ఆయన్ని పట్టుకుంది.

"ఏటయ్యా, సారుని తెత్తానని బేగి సెప్పవేటి? పులుసులో ముక్కలు లెక్కెట్టి ఏసినాను."

"సారేటే, మన ఎలమంచిలి గుంటడు. నా ముక్కలు ఆడికి ఏసీ."

"నీ ముక్కలు నాను ఎప్పుడో ఏసీసినాను, తోక ఒక్కటే నీది. కూకో నాయినా."

వంటగదిలోనే పీట వేశారు. చేపల పులుసు, అన్నం, వేయించిన ఎండుమిరపకాయలు. మూడో ముద్ద నోట్లో పెట్టుకుంటూ తలెత్తాను. ఎదురు గోడకి నాలుగు అరలు. ఇత్తడి గిన్నెలు, స్టీలు డబ్బాలు, జాడీలు. ప్రతి అరకీ అంచున కాగితం వేలాడుతోంది, కింది వైపు కత్తెరతో తోరణంలా కత్తిరించి. ఆ కాగితాల మీద ఊదారంగు గీతలు.

ముద్ద మింగకుండానే లేచి నిలబడ్డాను.

"ఏటయ్యింది, ముల్లు గుచ్చుకుందా?" అంది పిన్ని.

"పిన్నీ, అవి వానలు."

"ఏయి?"

"ఆ అంచులు."

"అయ్యి నా అరల అంచులు. కొలిసి కోసినట్టు సరిపోయినాయి, వంకీలు నానే కత్తిరించినాను," అంది పిన్ని. "ఏటయ్యా, ఈ కుర్రోడికి ఎండ తగిలిందేటి?"

బాబాయి తల వంచుకుని తోకముక్క తింటున్నాడు. బకెట్టు సంగతి, గడియారాల భాయ్ సంగతి, సోమవారం సంగతి నేను వరుసగా చెప్పాను. పిన్ని చివరిదాకా విని, మొగుణ్ణి ఒక్క చూపు చూసి, "మచ్చలుంటే మచ్చలని సెప్పీవోడివి కాదేటి. తొమ్మిదేళ్ళు నాను ఇంట్లో మచ్చలు సూడలేదేటి," అంది. తరవాత నాతో, "పీకుతావా? పీకు. మరి నా అరల సంగతేటి? బోసిగా ఉంటే పక్కింటోళ్ళు సూసి మునిసిపాలిటీవోళ్ళు వంటిల్లు పడగొట్టీసినారనుకుంటారు."

"బదులు తెచ్చిస్తాను పిన్నీ. అదే కొలత."

"మచ్చల్లేనియి."

"మచ్చల్లేనివే."

తడిగుడ్డతో పీకుదామని చెంబు తీయబోయాను. పిన్ని చేతి మీద కొట్టింది. చార్టు సిరాకి చుక్క నీళ్ళు తగిలితే చాలు, అలుక్కుపోతుంది. ఆవిడకి అది నాకన్నా బాగా తెలుసు, పులుసు చిందినచోట చూసి ఉంది. అట్లకాడ పొయ్యి మీద కొంచెం వేడిచేసి, కాగితం వెనక మెల్లగా దూర్చింది. ఎండిన మైదాపిండి అతుకు పెటపెటమని విడిపోయింది. పై కాగితం వచ్చాక దాని కింద ఇంకోటి. ఆవిడ పాతది తియ్యకుండా దాని మీదే కొత్తది అతికించేది. పైన ఈ మధ్య వానలు, అడుగున పాత వానలు. ఆ మధ్యాహ్నమంతా ముగ్గురం నేల మీద వానలు పరిచాం. పిన్ని ఊడదీసింది, బాబాయి పిండి గీకాడు, నేను తేదీలు చదివాను.

పోయిన అక్టోబరు శుక్రవారం చింతపండు జాడీ వెనక దొరికింది. మచ్చలు, పసుపు మరక, అడుగున పిన్ని కత్తిరించిన వంకీలు. వంకీల వల్ల పెన్ను సున్నాకి పడిన చోటు పోయింది కానీ, పైన ఎక్కిన కొసలు అన్నీ ఉన్నాయి. కాలం చదవడానికి అవి చాలు. భూతద్దం జేబులోనే ఉంది. రెండింటి నుంచి రెండు ఇరవై దాకా పెన్ను ఒక్కసారి పడింది. రెండు ఇరవై నుంచి మూడు దాకా ఏడుసార్లు, ఒకదాని మీద ఒకటి ఎక్కినట్టు. మూడు నుంచి నాలుగు దాకా మూడు. నాలుగు నుంచి ఐదు దాకా ఒకే ఒక్కటి.

భాయ్ గడియారాలు ఆగింది సరిగ్గా పెన్ను ఆ ఏడుసార్లు పడిన మధ్యలో.

నేను పెద్దగా నవ్వేశాను. నెలన్నర పని తప్పని తేలినందుకు ఎందుకంత సంతోషం వేసిందో అప్పుడు తెలియలేదు. ఇప్పుడు తెలుసు. మొదటిసారి నిజం వాన నా చేతిలో ఉంది.

"నవ్వుతున్నాడు. మరైతే ఫరవాలేదేటి?" అంది పిన్ని.

ఫరవాలేదని అనలేకపోయాను. బస్‌స్టాండు దాకా వచ్చిన బాబాయితో నా ఆలోచన చెప్పాను. కట్టల్లో ఫెయిర్ కాపీలు తీసేసి అసలువి పెట్టేస్తే ఎవరికీ చెప్పక్కర్లేదు కదా.

"అసలు చార్టులకి వంకీలున్నాయి బాబూ," అన్నాడు ఆయన. "పసుపుంది. పెద్దసారు వాసన సూత్తే పులుసు కూడా తెలుత్తాది. వద్దు. నాను రాసినాను, నానే సెప్తాను."

సోమవారం పదిన్నరకి పెద్దసారు గదిలో రెండు దొంతరలు పెట్టాం. ఎడమ పక్క ఫెయిర్ కాపీలు, కుడి పక్క అసలువి. బాబాయి నాకన్నా ముందే నోరు విప్పాడు. మొదటి సారు విసిరిన చార్టు నుంచి అట్లకాడ దాకా ఒక్కటి దాచకుండా చెప్పాడు.

పెద్దసారు ముఖం ఎర్రబడింది. "రికార్డు దిద్దావా?"

"దిద్దలేదు సార్. శుభ్రంగా రాసినాను."

"శుభ్రంగా రాయమని ఎవరు చెప్పారు?"

సారు బల్ల మీద నా రిపోర్టులో టైపైన సగం ఉంది, బుధవారం నేను ఇచ్చింది. మొదటి పేజీ మీద ఎర్ర ఇంకుతో ఆయన చేతిరాత: రెండు కొట్టివేతలున్నాయి, ఫెయిర్ కాపీ తెమ్ము. అది నాకు మూడోసారి. బాబాయి చూపు ఆ ఎర్ర అక్షరాల మీద నిలిచింది. నా చూపూ అక్కడే ఉంది. కాసేపటికి పెద్దసారు చూపు కూడా అక్కడికే వచ్చింది.



ఆయన కళ్ళజోడు పెట్టుకుని రెండు దొంతరల నుంచీ ఒక్కో చార్టు తీసుకున్నారు. పెన్సిలు మొనతో పళ్ళు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. ఎడమ పక్క పన్నెండు, కుడి పక్క పన్నెండు. తరవాతి జత. తొమ్మిది, తొమ్మిది. తరవాతిది. మేమిద్దరం నిలబడే ఉన్నాం. దొంతర సగానికి వచ్చాక టీ వచ్చింది. ఆయన టీ తాగలేదు. బాబాయి పెదవులు సారుతోపాటు అంకెలు కదుపుతున్నాయి.

అసలు చార్టులు ఇరవై ఐదు దొరికాయి. నాలుగు అరల మీద ఇరవై నాలుగు, పిన్ని కుట్టుమిషను కాలి కింద మడిచి పెట్టినది ఒకటి. ఇరవై ఆరోదాన్ని బొద్దింకలు తినేశాయి. ఇరవై ఐదు జతల్లో ఒక్కదాంట్లోనూ ఒక్క పన్ను తేడా లేదు.

సారు కళ్ళజోడు తీశారు.

"నా టైపు సెక్షన్లో ముగ్గురున్నారు. ఒక్క పేజీ కాపీ చేస్తే రెండు లైన్లు ఎగిరిపోతాయి," అన్నారు. "నువ్వు ఇరవై ఐదు తుఫాన్లు కాపీ చేసి ఒక్క చినుకు పోనివ్వలేదు. నిన్ను తిట్టాలా, వాళ్ళని తిట్టాలా?"

"నన్నే సార్," అన్నాడు బాబాయి. "ఆళ్ళు ఆడపిల్లలు."

పెద్దసారు నవ్వు ఆపుకోలేకపోయారు. టీ చల్లారిపోయిందని మళ్ళీ తెప్పించారు, ఈసారి మూడు. సిఫార్సు కాగితం మా ఎదురుగానే రాశారు. ఒక కొట్టివేత పడింది. ఫెయిర్ కాపీకి పంపకుండా అలాగే సంతకం చేశారు. చివర ఒక షరతు: ఇక నుంచి చార్టు గేజి లోంచి ఎలా వస్తే అలాగే ఆఫీసుకి రావాలి.

"ఈ కాపీలు ఏం చెయ్యమంటారు సార్?" అని అడిగాను.

"అవి రికార్డు కాదు. రిపోర్టులో నమూనాకి ఒకటి పెట్టు. మిగతావి నాకు కనిపించకూడదు."

అలా ఒకటి రిపోర్టులోకి వెళ్ళింది. ఒకటి నేను దాచుకున్నాను. ఇరవై నాలుగు మల్కాపురం వెళ్ళాయి. పిన్ని వాటిని రెండు పొరలుగా అతికించి, వంకీలు కత్తిరించి, నన్ను పిలిచి చూపించింది. వరండా కటకటాల్లా సమంగా, ఒక్క మచ్చ లేకుండా, గిన్నెల కింద నిజంగానే అందంగా ఉన్నాయి. వాటికి సరైన చోటు అదే.

పట్టిక మళ్ళీ మొదటి నుంచీ వేశాను. ఈసారి పన్నెండు భాగాల్లో రెండు మూడు భాగాలు కొండల్లా లేచాయి, మిగతావి వాటి కింద పాకాయి. కాలవ మూడడుగుల నుంచి ఐదున్నర అడుగులైంది. దానికోసం వీధిలో అరుగులు జరపాల్సి వచ్చింది. భాయ్ మొదటి మెట్టు కూడా పోయింది. పోతే పోనీ, కొట్టు తడవకపోతే అదే సాలు అన్నాడు.

పై వేసవికి కాలవ పూర్తయింది. ఆ అక్టోబరులో మళ్ళీ ఒక పెద్ద వాన పట్టింది, ఈసారి ఉదయం పది నుంచి ఒంటిగంట దాకా. నేను భాయ్ దుకాణంలో కూర్చుని కాలవ అంచు వరకూ వచ్చిన నీళ్ళని చూస్తూ ఉన్నాను. అంచు దాటలేదు. ట్రయల్ అరలో పదకొండు గడియారాలు నడుస్తూనే ఉన్నాయి. భాయ్ మధ్యలో ఒక్కసారి తలెత్తి, "ఈ అక్టోబరులో పుస్తకంలో రాయడానికి ఏటీ లేదు సాబ్," అన్నాడు.

మర్నాడు ఎనిమిది నలభైకి బాబాయి ఆఫీసుకి వచ్చాడు. పర్మనెంటు అయ్యాక వచ్చిన మొదటి పెద్ద వాన అది. చార్టుని తుడవలేదు, మడవలేదు. రెండు చేతుల్తో పళ్ళెంలా పట్టుకొచ్చి నా బల్ల మీద పెట్టి, పక్కకి జరిగి నిలబడ్డాడు.

"సూడు బాబూ. ఎలా వచ్చిందో అలాగే."

భూతద్దం తీసి లెక్కపెట్టాను. పెన్ను పద్నాలుగుసార్లు పడింది. సిరా మచ్చలు పదకొండు.